ఇంటిపేరు అడగని మార్గదర్శి

గత విద్యా సంవత్సరం ఆరంభంలో మా విభాగానికి ఒక లేఖ వచ్చింది. హైదరాబాద్, బెంగళూరు సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో పదేళ్లు, పదిహేనేళ్లుగా పనిచేస్తున్న కొందరు ఇంజనీర్లు ప్రతి శనివారం సాయంత్రం మా విద్యార్థులకు ఆన్‌లైన్‌లో మార్గదర్శనం చేస్తామని ముందుకొచ్చారు. రూపాయి తీసుకోరు. వారిలో ఎక్కువమంది శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వారే. పుట్టిన గడ్డకు ఏదైనా చేయాలన్న తపన ఆ లేఖలో నిజంగానే కనిపించింది. చివర ఒక్క వినతి ఉంది: మంచి విద్యార్థుల పేర్లు ఇరవై పంపండి, సార్.

ఆ జాబితా నేనే తయారు చేశాను. అరగంట కూడా పట్టలేదు. తరగతిలో చేయెత్తి ప్రశ్న అడిగేవారు, ఇంగ్లీషులో తడబడకుండా మాట్లాడేవారు, సొంత ల్యాప్‌టాప్ ఉన్నవారు, అతిథులొస్తే వేదిక మీద నిలబెట్టడానికి పనికొచ్చేవారు వరుసగా గుర్తుకొచ్చారు. పంపించి మరిచిపోయాను. నెల తరువాత చివరి సంవత్సరం విద్యార్థిని ఒకరు నా గది గుమ్మం దగ్గర నిలబడి, "సార్, శనివారం క్లాసుకి పేరు ఎవరికివ్వాలండి?" అని అడిగింది. ఆమెది రెల్లి కులం. తల్లి పురపాలక సంఘంలో పారిశుద్ధ్య కార్మికురాలు. పేర్లు ఇచ్చేశామనీ, వచ్చే ఏడాది చూద్దామనీ చెప్పాను. ఆమెకు వచ్చే ఏడాది లేదని నాకు తెలుసు.

ఆ రాత్రి జాబితా మళ్లీ తీసి చూశాను. రెల్లి పేరు లేదు. సీతంపేట కొండల నుంచి వచ్చిన సవర విద్యార్థి లేడు. తండ్రి వేట కోసం గుజరాత్ తీరానికి వలసపోయిన మత్స్యకార కుటుంబం బిడ్డ లేడు. మాల, మాదిగ విద్యార్థులు ఉన్నారా అంటే వేళ్ల మీద లెక్కపెట్టే పని కూడా లేదు. అందులో కులం అనే గడి నేను పెట్టలేదు. అయినా జాబితాను రాసింది కులమే, రాసిన చేయి నాది.

ఈ వ్యాసం ఆ ఇంజనీర్ల మీద ఫిర్యాదు కాదు. వారి శనివారాలు విలువైనవి. కానీ స్వచ్ఛందంగా పంచే సాయం ఎవరి దాకా వెళ్తుందో నిర్ణయించే పద్ధతిని స్వచ్ఛందానికే వదిలేస్తే ఏం జరుగుతుందో నా జాబితాయే సాక్ష్యం చెబుతోంది. మార్గదర్శనాన్ని దయగా కాక విద్యార్థి హక్కుగా అమర్చకపోతే, అది ఇప్పటికే ఉన్నవారికి మరికొంత చేర్చే మరో వారసత్వంగా మారుతుంది.

వారసత్వం అన్న మాట ఆలోచించే వాడాను. మార్గదర్శకుడు చెప్పేది పాఠం కాదు. పాఠ్యపుస్తకంలో ఎక్కడా ఉండని సంగతులు చెబుతాడు. రెజ్యూమె ఒక్క పేజీకి మించకూడదని, రాసిన కోడ్‌ను గిట్‌హబ్‌లో పెట్టి నలుగురికీ కనబడనివ్వాలని, ఇంటర్వ్యూలో సమాధానం తెలియకపోయినా ఆలోచనను పైకి చెబుతూ పోవాలని చెబుతాడు. చాలా కంపెనీలు పదో తరగతిలోనూ ఇంటర్‌లోనూ డిగ్రీలోనూ అరవై శాతం మార్కులు అడుగుతాయి గనక, పదహారేళ్ల వయసులో పోయిన మార్కులకు ఇప్పుడు ఏ దారి వెతకాలో చెబుతాడు. ఇంట్లో అన్నో బాబాయో సాఫ్ట్‌వేర్‌లో ఉన్న పిల్లలకు ఈ జ్ఞానం భోజనాల దగ్గర మాటల్లో దొరుకుతుంది. ఇంటికి మొదటి పట్టభద్రులైనవారికి ఎక్కడా దొరకదు.

వీటన్నింటికంటే బరువైనది సిఫారసు. పరిశ్రమ భాషలో దాన్ని రిఫరల్ అంటారు. కంపెనీలో ఖాళీ ఏర్పడితే పనిచేసేవారు తమకు తెలిసినవారి పేరు లోపలి నుంచి పంపుతారు. ఎంపికైతే పంపినవారికి బహుమతి సొమ్ము ఇచ్చే సంస్థలూ ఎన్నో. బయటి నుంచి వేల దరఖాస్తులు వచ్చిపడే చోట, లోపలి మనిషి పంపిన పేరు ముందుగా కంటపడుతుంది. ఎవరికి ఎవరు తెలుసు అన్న ప్రశ్నకు మన సమాజంలో కులం ప్రసక్తి లేకుండా జవాబు చెప్పగలమా?

రాజ్యాంగంలోని 16(4) అధికరణం ప్రభుత్వ కొలువుల గడప దగ్గరే ఆగుతుంది. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం షెడ్యూల్డ్ కులాల ఉపవర్గీకరణకు అనుమతించింది. 2025లో మన రాష్ట్రం రెల్లి, దాని అనుబంధ కులాలకు ఒక శాతం, మాదిగ సమూహానికి ఆరున్నర శాతం, మాల సమూహానికి ఏడున్నర శాతం కేటాయించింది. దశాబ్దాల పోరాట ఫలితమది. కానీ ఆ ఒక్క శాతం కళాశాల సీటు దాకా, సర్కారు కొలువు దాకా నడిచి వస్తుంది. మధురవాడ ఐటీ కొండ మీదికి గానీ గచ్చిబౌలికి గానీ రాదు. అక్కడ నడిచే నాణెం పరిచయం. మా కంప్యూటర్ విద్యార్థుల్లో అత్యధికులు కోరుకునే ఉద్యోగాలన్నీ ఆ పరిచయాల రాజ్యంలోనే ఉన్నాయి.

పరిచయం లేని దరఖాస్తుకు ఏమవుతుందో కొలిచిన అధ్యయనం ఉంది. సుఖదేవ్ థోరట్, పాల్ అటెవెల్ పత్రికా ప్రకటనలకు స్పందనగా సమాన అర్హతలున్న దరఖాస్తులను వేర్వేరు పేర్లతో ప్రైవేటు సంస్థలకు పంపారు. 2007లో వెలువడిన ఫలితం ప్రకారం దళిత పేరుకు పిలుపు వచ్చే అవకాశం అగ్రకుల హిందూ పేరుతో పోలిస్తే దాదాపు మూడింట రెండు వంతులే. అదే ఏడాది సురీందర్ జోధ్కా, కేథరిన్ న్యూమన్ ఉద్యోగులను ఎంపిక చేసే అధికారులతో మాట్లాడారు. కులం మాకు అక్కర్లేదు, ప్రతిభే చూస్తాం అన్నవారే కుటుంబ నేపథ్యం గురించి తప్పకుండా అడుగుతామని చెప్పారు. తండ్రి ఏం చేస్తాడు, పెరిగింది ఎక్కడ, ఇంట్లో చదువుకున్నవారెవరు అన్న ప్రశ్నలకు జవాబులు ప్రతిభను చెప్పవు. పుట్టుకను చెబుతాయి.

ఇక మార్గదర్శి అన్న మాటకు వద్దాం. 2025 ఉగాది నాడు రాష్ట్ర ప్రభుత్వం పీ4 కార్యక్రమాన్ని ఆరంభించిన తరువాత ఆ మాటకు కొత్త అర్థం వచ్చింది. పైనున్న పది శాతం సంపన్నులు మార్గదర్శులు. అడుగున ఉన్న ఇరవై శాతం పేదలు బంగారు కుటుంబాలు. వీరిని వారు దత్తత తీసుకుంటారు. ఆ పథకం మంచిచెడ్డలు వేరే చర్చ. ఇక్కడ గమనించాల్సింది దత్తత అన్న భావన. దత్తతలో ఎంచుకునేవారు ఒకరు, ఎంపిక కావలసినవారు మరొకరు. ఎంపిక కావాలంటే ఎంచుకునేవారికి నచ్చాలి. నచ్చడమనేది ఎప్పుడూ మనలాంటివారి వైపే మొగ్గుతుంది. నా జాబితాలో జరిగింది అదే.

తెలుగు సాహిత్యంలో అందరికీ తెలిసిన స్వచ్ఛంద మార్గదర్శకుడు మా విజయనగరం వాడే. 1892లో తొలిసారి రంగస్థలమెక్కిన కన్యాశుల్కంలో గిరీశం వెంకటేశానికి చదువు పేరిట నేర్పింది చుట్ట కాల్చడమూ, గొప్పలు చెప్పడమూ. గురజాడ వ్యంగ్యాన్ని చూసి ఇప్పటికీ నవ్వుకుంటాం. కానీ ఆ గురువుకు శిష్యుడు ఎక్కడ దొరికాడో కూడా చూడాలి. అగ్రహారంలో దొరికాడు. పనికిమాలిన మార్గదర్శనం సైతం సొంత వలయంలోనే తిరిగింది. పనికొచ్చే మార్గదర్శనం ఆ వలయాన్ని దానంతటదే దాటుతుందని ఎలా నమ్మగలం?

విషయం బోధపడ్డాక రెండో సెమిస్టరులో కొన్ని శనివారాలు నేనూ ఆ సమావేశాల్లో మౌనంగా కూర్చున్నాను. ఇరవై మందిలో ఉన్న కొద్దిమంది అణగారిన కులాల పిల్లలకు అవి ఎలా గడిచాయో చూశాను. ఒక ఇంజనీరు ప్రతి విద్యార్థినీ ముందుగా ప్రవేశ పరీక్షలో ర్యాంకు ఎంతని అడిగేవారు. దురుద్దేశం లేదు, స్థాయి తెలుసుకోవడానికే. కానీ ఇంత ర్యాంకుకు ఈ సీటు ఎలా వచ్చిందో వింటున్న అందరికీ ఒక్క క్షణంలో అర్థమైపోతుంది. ర్యాంకు అడగడం మర్యాదగా కులం అడగడమే. మరొకరు ఊరు అడిగి, వీధి అడిగి, ఇంటిపేరు అడిగి, "ఓ, అలాగా" అని ఆగిపోయారు. ఆ ఆగడం ఏమిటో తెలుగు నేల మీద ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. ఇంకో రోజు పాలకొండ వైపు కుర్రాడొకడు "ఏటి సార్?" అన్నాడు. ఇంజనీరుకు తన చిన్నతనం గుర్తొచ్చి ముచ్చటగా ఆ మాటను అనుకరించారు. అందరూ నవ్వారు. ఆ తరువాత ఆ కుర్రాడు నోరు విప్పలేదు, చాట్‌లో రాయడమే. యాస మరిచిపోగలిగిన వారికి యాస ముచ్చట. మరిచిపోలేని వారికి అది రోజూ మోసే గుర్తింపు కార్డు.

ర్యాంకు ప్రశ్న ఎంత దూరం వెంటాడుతుందో తెలియాలంటే అమెరికా దాకా చూడాలి. 2020 జూన్‌లో కాలిఫోర్నియా ప్రభుత్వ పౌరహక్కుల శాఖ సిస్కో సంస్థపై వేసిన దావాలోని ఆరోపణల్లో ఒకటి, దళిత ఇంజనీరు ఐఐటీలో రిజర్వేషన్ ద్వారా చేరిన సంగతిని పైఅధికారి సహోద్యోగుల ముందు బయటపెట్టాడన్నది. సంస్థ ఆరోపణలను ఖండించింది. ఇద్దరు అధికారులపై వ్యక్తిగత కేసును 2023 ఏప్రిల్‌లో ఉపసంహరించుకున్నారు. న్యాయస్థానంలో ఏం తేలినా, ప్రవేశ పరీక్ష నాటి ప్రశ్న మహాసముద్రం దాటి పాతికేళ్ల తరువాత కూడా ఎదురవుతుందన్న భయం మా పిల్లలకు కొత్తది కాదు. కంపెనీల్లో కుదురుకున్న మా పూర్వ దళిత విద్యార్థులను మార్గదర్శకులుగా రమ్మని అడిగితే కొందరు మౌనం వహిస్తారు. వస్తే తామెవరో సహోద్యోగులకు తెలిసిపోతుంది. వారి మౌనాన్ని కృతఘ్నత అనడానికి మనకు హక్కు లేదు.

మరి మరోలా చేయవచ్చా? చేసినవారు మన గడ్డ మీదే ఉన్నారు. శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడు. సవరలకు చదువు చెప్పాలనుకున్నప్పుడు, ముందు వాళ్లు తెలుగు నేర్చుకుని రావాలని ఆయన అనలేదు. తానే సవర భాష నేర్చుకున్నాడు. ఆ భాషలో వాచకాలు రాశాడు, బడులు పెట్టించాడు, వ్యాకరణమూ నిఘంటువూ తయారు చేశాడు. ఏటా ఆగస్టు 29న ఆయన జయంతిని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకునే మనం, గురువే శిష్యుడి దగ్గరికి నడవాలన్న అసలు పాఠాన్ని మాత్రం పక్కన పెట్టాం.

కంప్యూటర్ రంగంలోనూ ఉదాహరణలున్నాయి. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమకారులు బెంగళూరులోని ఒక మురికివాడలో అంబేడ్కర్ పేరిట సామాజిక కంప్యూటర్ కేంద్రం నడిపారు. పిల్లల ర్యాంకు అడగలేదు, వాడకే వెళ్లారు. మన రెండు రాష్ట్రాల్లో స్వేచ్ఛ సంస్థ కార్యకర్తలు, వారిలో ఎందరో సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు, ఇంజనీరింగ్ కళాశాలల్లో విద్యార్థి బృందాలను కూడగట్టి, నిజమైన ప్రాజెక్టుల మీద చేతులు పెట్టించి నేర్పుతున్నారు. ఈ పద్ధతిలోని బలం తలుపు తెరిచి ఉండటంలో ఉంది. విభాగాధిపతి పంపే జాబితా అక్కర్లేదు. అయితే ల్యాప్‌టాప్ లేనివారు, వసతిగృహంలో సిగ్నల్ అందనివారు, అడగడానికి జంకేవారు తెరిచిన తలుపు దాకా కూడా రాలేరు. వారిని చేయిపట్టి తీసుకురావాల్సింది విశ్వవిద్యాలయమే.

ఈ సూత్రం మనకు కొత్తది కాదు. ఎచ్చెర్లలోనూ ప్రాంగణం ఉన్న ఆర్‌జీయూకేటీ ట్రిపుల్ ఐటీల ప్రవేశాల్లో ప్రభుత్వ పాఠశాలల విద్యార్థులకు పదో తరగతి మార్కులపై వెనుకబాటు సూచికగా అదనపు పాయింట్లు కలుపుతారు. బయలుదేరిన చోటు వేరైనప్పుడు చేరిన దూరాన్ని ఒకే కొలబద్దతో కొలవకూడదన్నది దాని సారం. సీటుకు వర్తించే న్యాయం శనివారం తరగతికి ఎందుకు వర్తించకూడదు?

దీని మీద రెండు వైపుల నుంచీ అభ్యంతరాలు విన్నాను. ఉచితంగా వచ్చేవారికి షరతులు పెడితే రారని కొందరు సహోద్యోగులు అన్నారు. షరతులు చెప్పి చూశాం. ఇద్దరు తప్పుకున్నారు, మిగతావారు ఉన్నారు. పైగా ఒకరు, ఈ మాట ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేదని రాశారు. రెండో అభ్యంతరం మా ఉద్యమ మిత్రులది. ప్రైవేటు రంగంలో రిజర్వేషన్లు అడగాల్సింది పోయి పెద్దమనుషుల దయ కోసం చేయి చాస్తారా అన్నారు. ప్రైవేటు రంగంలో రిజర్వేషన్ల డిమాండు నాది కూడా. కానీ వచ్చే మే నెలలో చదువు ముగించే అమ్మాయి ఆ చట్టం వచ్చేదాకా ఆగలేదు.

అంబేడ్కర్ జీవితం ఈ రెండు మాటలకూ జవాబు చెబుతుంది. 1907లో మెట్రిక్ గట్టెక్కిన ఆ కుర్రాడికి బుద్ధుని చరిత్ర పుస్తకం బహూకరించి, తరువాత బరోడా మహారాజుకు పరిచయం చేసింది కృష్ణాజీ కేలూస్కర్ అనే ఉపాధ్యాయుడు. ఆ పరిచయం కొలంబియా విశ్వవిద్యాలయం దాకా దారి వేసింది. కానీ 1917లో ఉద్యోగానికి బరోడా తిరిగి వచ్చిన అదే అంబేడ్కర్‌కు ఊళ్లో తలదాచుకోవడానికి గది దొరకలేదు. తలదాచుకున్న పార్సీ సత్రం నుంచీ గెంటేశారు. మార్గదర్శకుడు తలుపు తీయగలడు. లోపల మనిషిగా బతకడానికి చట్టం కావాలి. ఒకటి ఉంది కదా అని రెండోది వదులుకోవాల్సిన పని లేదు.

ఇంకొక ప్రమాదం ఉంది, అది పాలకుల వైపు నుంచి. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో అధ్యాపక ఖాళీలు ఏళ్ల తరబడి భర్తీకి నోచుకోవడం లేదు. 2022లో యూజీసీ ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్ మార్గదర్శకాలు తెచ్చింది. పదిహేనేళ్ల వృత్తి అనుభవం ఉన్న నిపుణులను, పీహెచ్‌డీ లేకున్నా, మంజూరైన పోస్టుల్లో పది శాతం మించకుండా నియమించుకోవచ్చు. గౌరవ ప్రాతిపదికన కూడా పెట్టుకోవచ్చు. అయితే ఆ నియామకాలు మంజూరైన పోస్టులకు వెలుపలివి. రోస్టర్ వర్తించేది మంజూరైన పోస్టులకే. భర్తీ కాని ప్రతి పోస్టులోనూ ఒక దళిత, ఆదివాసీ, వెనుకబడిన కులాల అధ్యాపకుడి స్థానం ఆగిపోయి ఉండవచ్చు. శనివారం వచ్చే స్వచ్ఛంద నిపుణుడు సోమవారం ఉండాల్సిన అధ్యాపకుడికి బదులు కారాదు. ఉచిత సేవను చూపి ఖాళీలను కప్పిపుచ్చే రోజున మనమే ఆ సేవను నిరాకరించాలి.

ఇక నా సంగతి చెప్పి ముగిస్తాను. మాది పొందూరు దగ్గర చేనేత కుటుంబం. 2001లో విశాఖలో ఎం.సి.ఏ.లో చేరేనాటికి కంప్యూటరును దగ్గరగా చూసినవాణ్ని కాదు. నాకు సి భాషలో పాయింటర్లు నేర్పింది వసతిగృహంలో పైతరగతి విద్యార్థి. కంప్యూటర్ దొరకని రాత్రుల్లో తెల్లకాగితం మీద గళ్లు గీసి, బాణాలు వేసి చెప్పేవాడు. అమీర్‌పేటలో ఏ కోర్సుకు డబ్బు దండగో, ఏ గదిలో అద్దె తక్కువో చెప్పిందీ ఆయనే. ఆయనది మా పక్క ఊరి మాలపేట. ఊళ్లో ఉంటే ఆయన మా వీధి అరుగు మీద కూర్చోవడానికి లేదు. నా ఇంటిపేరు విని నేనెవరినో ఆయనకు తెలుసు. తెలిసీ నేర్పాడు. పాతికేళ్ల తరువాత నేను రాసిన జాబితాలో ఆయన పేట లాంటి పేటల పిల్లలు కనబడలేదు. వెనుకబడిన కులంలో పుట్టినంత మాత్రాన కులం నా చూపులో లేదనుకోవడం భ్రమ అని ఆ కాగితమే నాకు నేర్పింది.

ఈ ఏడాది మా విభాగంలో పద్ధతి మార్చాం. పేర్లు నేను పంపడం లేదు. ఇంటికి మొదటి పట్టభద్రులకు, ఎస్సీ, ఎస్టీ, బీసీ వసతిగృహాల్లో ఉండేవారికి ముందుగా స్థానాలు కేటాయించి, మిగిలినవి చీటీలు వేసి తీస్తున్నాం. ఏ ఇంజనీరుకు ఏ విద్యార్థి అన్నదీ చీటీలే తేలుస్తాయి. ర్యాంకు, రిజర్వేషన్ వివరం, ఇంటిపేరు, తండ్రి వృత్తి అడగబోమని వచ్చేవారు ముందే సంతకం చేస్తారు. తెలుగులో, తమ తెలుగులో మాట్లాడే స్వేచ్ఛ పిల్లలకుంది. శనివారం సాయంత్రం ప్రయోగశాల తెరిచే ఉంటుంది గనక సొంత ల్యాప్‌టాప్ అర్హత కాదు. ఏడాది చివర ఎవరికి సిఫారసులు అందాయో సామాజిక వర్గాల వారీగా లెక్క తీసి, పేర్లు లేకుండా విభాగం గోడ మీద అంటిస్తాం. ఆ లెక్క ఎలా ఉంటుందో నాకు తెలియదు. బాగుండకపోతే బాగాలేదని అందరికీ కనబడుతుంది, దానికదే ఒక మెట్టు. ఇందులో ప్రభుత్వ అనుమతి కావలసినది ఒక్కటీ లేదు. ఉత్తరాంధ్రలోని ప్రతి కళాశాలా రేపే మొదలుపెట్టవచ్చు. మొదలుపెట్టని చోట విద్యార్థి సంఘాలు ఆ జాబితా చూపించమని అడగవచ్చు.

మరొక నిబంధన కూడా చేర్చాం. చదువు ముగిసిన మరుసటి సంవత్సరం కూడా పూర్వ విద్యార్థులకు ఈ అవకాశం ఉంటుంది. నిరుడు నా గుమ్మం దగ్గర నిలబడి అడిగిన అమ్మాయి ఇప్పుడు విశాఖలో ఒక దుకాణంలో బిల్లులు కొడుతూ ఉద్యోగం వెతుక్కుంటోంది. ఆమెకు ఫోన్ చేసి తప్పు నాదేనని చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తరువాత, శనివారం ఎన్ని గంటలకండి అని అడిగింది. కొత్త నిబంధన కింద నమోదైన మొదటి పేరు ఆమెదే.

(వ్యాసకర్త ఉత్తరాంధ్రలోని ఒక విశ్వవిద్యాలయంలో కంప్యూటర్ సైన్స్ ఆచార్యులు)